నీళ్లు తీసిన వేళ

సత్యదుర్గారావు చేసే పని ఏమిటో వాళ్ల వీధిలో సగం మందికి ఇప్పటికీ తెలియదు. డాబాలెక్కి డిష్‌లు బిగిస్తాడు కాబట్టి కేబుల్ టీవీ మనిషి అనుకుంటారు. "ఒరే దుర్గారావూ, మా టీవీలో బొమ్మ గళ్లుగళ్లుగా వస్తందిరా, ఓసారి చూసి పో" అని గుమ్మంలోంచి కేకేస్తారు. అతను వెళ్లి చూసి వస్తాడు కూడా. కాదమ్మా నాది ఆ పని కాదు అని ఒప్పించడం కన్నా వైరు పీకి మళ్లీ పెట్టడం తేలిక.

అతని పని వేరు. తీగ లాగలేని చోటికి ఇంటర్నెట్ పంపిస్తాడు. ఈ గట్టున ఒక డాబా మీద డిష్, ఆ గట్టున ఇంకో డాబా మీద డిష్. రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ ఉండాలి. మధ్యలో కొబ్బరి మట్ట అడ్డం వచ్చినా అలుగుతాయి. ఇక్కడ వేలెడు పక్కకి తిరిగిందంటే మూడు కిలోమీటర్ల అవతల ఏ తోటలోకో చూస్తూ ఉంటుంది. అందుకని ఈ చివర ఒకడు, ఆ చివర ఒకడు ఫోన్లు చెవిన పెట్టుకుని, స్క్రీన్ మీద అంకె చూసుకుంటూ, నట్లు పావువంతు పావువంతు తిప్పుకుంటూ సరిచెయ్యాలి. ఆ అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. యాభై అయిదు వస్తే పండగ. ఎనభై దాటిందంటే ఇంక చెప్పుకోడానికేం లేదు. సత్యదుర్గారావు చెయ్యి పడిందంటే అంకె యాభై అయిదుకి దిగాల్సిందేనని తాటిపాక సెంటర్లో అతని యజమాని శ్యామ్ బాబు నలుగురికీ చెప్పుకునేవాడు. ఆ మాట ఇతని తలకి కాస్త ఎక్కింది. ఎక్కదా మరి? పడవ నడిపేవాడి కొడుకు, ఈ ఏటి మీద జనాన్ని దాటించడం తప్ప ఇంకో పని తెలియని ఇంట్లో పుట్టినవాడు. ఒకడు మెచ్చుకుంటే ఎక్కుతుంది.

గోదావరి పాయ వైనతేయ అవతల చినవాకలంకకి నెట్ వేసింది అతనే. కిందటేడు. అప్పనపల్లి వైపు గట్టు మీద మూడంతస్తుల మేడ ఒకటి చూసుకుని దాని నెత్తిన ఒక డిష్ పెట్టాడు. లంకలో ఎత్తయిన కట్టడం ఒక్కటే, తుపాను షెల్టర్. దాని పైన ఇంకోటి పెట్టాడు. అంతవరకూ ఆ ఊళ్లో ఫోన్ మాట్లాడాలంటే ఏటి ఒడ్డుకొచ్చి చెయ్యి పైకెత్తి నిలబడాల్సి వచ్చేది. పింఛను రోజున ముసలివాళ్ల వేలిముద్రలు పడక ఎండలో కూర్చునేవారు. నెట్ వచ్చిన రోజున లంకంతా షెల్టర్ దగ్గరికి వచ్చి, ఏదో దేవుణ్ణి దింపినట్టు, ఆ తెల్లడిష్‌ని తలెత్తి చూసింది.

షెల్టర్ గదిలో ఆ డిష్‌ని నడిపే పెట్టెని కనిపెట్టుకుని ఉండడానికి ఒక మనిషి కావాలన్నాడు శ్యామ్ బాబు. షెల్టర్ తాళం దగ్గరుంచుకోవాలి, బ్యాటరీలో నీళ్లు చూసుకోవాలి, డాబా ఊడ్చాలి. పెద్ద ఉద్యోగమేం కాదు. "మా అక్కుందండి అక్కడ" అన్నాడు సత్యదుర్గారావు, ఒక్క క్షణం ఆలోచించకుండా.

అక్క పేరు నూకాలమ్మ. అతనికన్నా ఆరేళ్లు పెద్ద. తల్లి పోయేనాటికి అతనికి ఐదేళ్లు, ఆమెకి పదకొండు. ఆ పదకొండేళ్ల పిల్లే అతనికి అన్నం కలిపి పెట్టింది, తల దువ్వింది, బడికి తోలింది. తరవాత లంకలో చేపల వేట చేసుకునేవాళ్ల ఇంట్లో ఆమెని ఇచ్చారు. పెళ్లయిన కొన్నాళ్లకి కువైట్ వెళ్లింది, ఇంటిపనికి. మా కోనసీమలో అదేం వింత కాదు, ప్రతి వీధిలోంచీ ఓ ఆడమనిషి వెళ్లి ఎక్కడో ఎవరి పిల్లల్నో ఎత్తుకుని ఉంటుంది. ఆరేళ్లుంది అక్కడ. ఆ ఆరేళ్లలోనే సత్యదుర్గారావు అమలాపురంలో ఐటీఐ చదివాడు. చదివించింది ఎవరో మళ్లీ చెప్పాలా? తిరిగొచ్చాక ఆమెకి కూతురు పుట్టింది, దుర్గాదేవి. పిల్ల నాలుగో తరగతిలో ఉండగా భర్త కామెర్లతో పోయాడు. ఏజెంట్లు మళ్లీ గుమ్మం ఎక్కారు. "ఇంక చచ్చినా ఎల్లనండి. నా పిల్లని నేనే పెంచుకుంటాను" అని వాళ్లని పంపేసింది. రొయ్యల చెరువుల దగ్గర కూలికెళ్లి నెట్టుకొచ్చింది. అలాంటి మనిషికి ఈ తాళంచెవి కొంగున కట్టుకునే పని దొరికేసరికి ఎంత గౌరవంగా ఉండేదో! ఆ డాబాని రోజుకి రెండుసార్లు ఊడ్చేది. చూడ్డానికి ఎవరూ రారు, అయినా ఊడ్చేది.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. లంకకి దారి పడవొక్కటే. దొరబాబు అనే అతనికి ఇంజను పడవ ఉంది. అది పోటు మీదే తిరుగుతుంది, అంటే సముద్రం పొంగి ఏట్లో నీళ్లు నిండుగా ఉన్నప్పుడే. పాటు మొదలై నీళ్లు తీసేశాయంటే లంక రేవులో మోకాలి లోతు ఒండ్రు తేలుతుంది, పడవ అందులో దిగబడితే మళ్లీ పోటు దాకా కదలదు. అందుకని అటు వెళ్లినవాళ్లెవరైనా గంటా గంటన్నరలో పని చూసుకుని, నీళ్లుండగానే తిరిగొచ్చేస్తారు. ఇది ఇక్కడ ఎవరూ ఆలోచించి చేసే పని కాదు. పుట్టిన దగ్గర్నుంచి ఒంటికి పట్టేసిన అలవాటు. సత్యదుర్గారావుకైతే మరీను, నాన్న పడవలోనే నడక నేర్చినవాడాయె.

మొదటి ఫిర్యాదు మాఘమాసంలో వచ్చింది. మధ్యాహ్నం నెట్ పోయింది, సాయంత్రం దానంతటదే వచ్చిందన్నారు. మర్నాడు పోటుకి వెళ్లి చూశాడు. అంకె యాభై అయిదు. నట్లు గట్టిగా ఉన్నాయి, వైర్లు బాగున్నాయి. తిరిగొచ్చేశాడు. పదిహేను రోజులకి మళ్లీ అదే ఫిర్యాదు. మళ్లీ వెళ్లాడు. మళ్లీ యాభై అయిదే.

మూడోసారి వెళ్లినప్పుడు నూకాలమ్మ చెప్పనే చెప్పింది.

"నీళ్లు తీసినప్పుడు పోతందిరా. నేను కనిపెట్టేను. అన్ని రోజులూ కాదు, అమావాస్యకీ పున్నానికీ, ఏరు బాగా అడుక్కి తీసేస్తది చూడు, అప్పుడు. నీళ్లు మళ్లీ ఎక్కితే వచ్చేస్తంది."

సత్యదుర్గారావు నట్టు బిగిస్తూ నవ్వాడు. "నెట్టేమన్నా పడవా అక్కా, నీళ్లు లేకపోతే దిగబడిపోడానికి?"

కింద మెట్ల మీద కూర్చున్న దొరబాబూ నవ్వాడు, పక్కన ఇద్దరు ముగ్గురూ నవ్వారు. నూకాలమ్మ మొహం చిన్నదైపోయింది. అయినా వదల్లేదు.

"ఒక్కపూట ఉండి చూడరా. అన్నం తిని, నీళ్లు తీసేదాకా ఉండు. నీ కళ్లతోనే చూద్దువుగాని."

"ఇంకోసారి ఉంటానులే. పడవెళ్లిపోద్ది" అని బ్యాగు భుజాన వేసుకుని దిగిపోయాడు. తొందరపడాల్సిన పని కూడా ఏమీ లేదు అవతల.

అతను చదువుకున్న చదువులో ఈ ముక్క ఉండకపోలేదు. డిష్‌లోంచి బయల్దేరిన సంకేతం తిన్నగా ఒక దారిన వెళుతుంది, కింద నీళ్ల మీద పడి తుళ్లి ఇంకో దారిన కూడా వెళుతుంది. నీటిమట్టం ఒక ఎత్తులో ఉంటే రెండూ కలిసి బలమవుతాయి, మనిషి లోతు దిగిందంటే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. పుస్తకంలో అది సముద్రాల సంగతిగా చదివాడు, పరీక్ష రాసేశాడు. వాళ్ల ఏటిని, నాన్న గెడ వేసిన ఏటిని, దాంట్లో పెట్టి చూసుకోవాలని తోచలేదు. ఒకవేళ ఏ ఇంజినీరో చెబితే వినేవాడేమో. చెప్పింది అక్క.

ఇంకోటి కూడా ఉంది, చెప్పాలంటే ఒళ్లు మండుతుంది. ఆ పెట్టె ఎన్నాళ్లుగా ఆగకుండా నడుస్తోందో దాన్నడిగితే అదే చెబుతుంది. స్క్రీన్ మీద ఒక్క నొక్కు. కరెంటు ఒక్క నిమిషం తీసినా ఆ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఆ ఒక్క నొక్కూ సత్యదుర్గారావు నొక్కలేదు.

జ్యేష్ఠ అమావాస్య తెల్లవారుజామున బుచ్చిరాజు గారి చెరువులో రొయ్యలు తేలిపోయాయి.

బుచ్చిరాజు ఉండేది అవతలి గట్టున నగరం అనే ఊళ్లో, చెరువులు లంకలో. నీళ్లలో గాలి కలిపే మోటార్లు ఆగిపోతే ఆయన ఫోన్‌లో అలారం మోగేలా ఒక యంత్రం పెట్టించుకున్నాడు. కాపలావాడు నిద్రపోయినా యంత్రం నిద్రపోదని ధైర్యం. ఆ రోజు మూడింటికి మోటార్లు ఆగాయి. అలారం నెట్ మీద రావాలి. నెట్ లేదు. ఎనిమిదిన్నర పోటుకి ఆయన పడవ దిగేసరికి చెరువు మీద తెల్లగా తెట్టు కట్టినట్టు రొయ్యలు. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడికి ఇంకా పన్నెండు రోజులుంది.

అదే పడవలో శ్యామ్ బాబూ సత్యదుర్గారావూ కూడా వచ్చారు. రేవు మీద ఊరంతా ఉంది. బుచ్చిరాజు కేకలు వేస్తున్నాడు.

"ఏరా! నీ డిష్ బిగింపు చక్కగా లేదా? చెప్పు! బాగోకపోతే బాగోలేదని చెప్పు!"

శ్యామ్ బాబు కూడా అతని వైపే చూశాడు. సత్యదుర్గారావు గబగబా ఫోన్ తీసి చూపించాడు. "లింకు శుభ్రంగా ఉందండి రాజుగారూ. చూడండి, యాభై అయిదు."

"మరి పోయిందేంటి?"

అందరూ అతని నోరే చూస్తున్నారు. ఇంకో రెండు క్షణాల్లో ఏదో ఒకటి చెప్పకపోతే తన పనికే ముప్పొచ్చేలా ఉంది అతనికి. అక్క ఇన్వర్టర్ పక్కన కూతురి కోసం ఒక చిన్న ఫ్యాను పెట్టుకోవడం ఎప్పుడో చూశాడు. అంతే. అంతకుమించి ఇంకేం లేదు.

"ఇక్కడ పెట్టె దగ్గర కరెంటు తీసి ఉంటారండి" అన్నాడు.

"ఎవరు తీస్తారు?"

"ఫ్యానుకో దేనికో... అప్పుడప్పుడు తీస్తంటాదండి మా అక్క."

ఊరు ఊరంతా ఒక్కసారి నూకాలమ్మ వైపు తిరిగింది. ఆమె వెనక ఆడవాళ్లలో నిలబడి ఉంది.

"నేనా?" అంది. "నేను తీసేనా దుర్గా?"

అతను తలెత్తలేదు. ఫోన్‌లో అంకె చూసుకుంటూ నిలబడ్డాడు.

బుచ్చిరాజు కూడా కాస్త తగ్గాడు. "సొంత తమ్ముడే చెప్పేక ఇంకెవడు చెప్పాలి" అన్నాడు. అదే మాట రేవు మీద నోటినోటికీ పాకింది. పరాయివాడు అంటే నలుగురూ ఆలోచించేవారు. ఫలానా మనిషి అలాంటిది కాదు అని ఎవరో ఒకరు నోరు చేసుకునేవారు. తోడబుట్టినవాడే అన్నాక ఎవరు మాట్లాడతారు?

నూకాలమ్మ కొంగుముడి విప్పి తాళంచెవి తీసింది. తమ్ముడి చేతికివ్వలేదు. పడవ అంచు మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ తాళం దొరబాబుకి ఇచ్చారు. ఓ వారం పదిరోజులు నెట్ చక్కగా నడిచింది. అమావాస్య దాటిపోయింది కదా, ఏరు మరీ అంత అడుక్కి తియ్యలేదు. "చూసేరా?" అన్నారు జనం. పున్నానికి మళ్లీ పోయింది. అప్పుడైనా బుద్ధి రావాలా? రాలేదు. ఆవిడ కసికొద్దీ షెల్టర్ ఎక్కి తీసేస్తోంది అన్నారు. దొంగతాళం ఉంది అన్నారు. బుచ్చిరాజు మనిషిని పంపి తాళంకప్ప మార్పించాడు. కొత్తకప్ప వేస్తుంటే నూకాలమ్మ ఇంటి ముందు నుంచే వెళ్లారట, వినబడేలా మాట్లాడుకుంటూ. చెరువుల దగ్గర ఆమెని ఎవరూ కూలికి పిలవలేదు. బడిలో దుర్గాదేవిని తోటిపిల్లలు ఏదో అన్నారు. పిల్ల రెండు రోజులు అన్నం తినలేదు.

శ్రావణమాసంలో నూకాలమ్మ కూతుర్ని అమలాపురం హాస్టల్లో చేర్పించి, కువైట్ వెళ్లిపోయింది. నలభై నాలుగేళ్ల వయసులో, నడుంనొప్పితో.

సత్యదుర్గారావుకి చెప్పలేదు. ఆమెనీ ఆమె సామాన్నీ ఏరు దాటించిన దొరబాబు చెబితే తెలిసింది. "ఏమన్నా అందా?" అని అడిగాడు. "ఏమీ అనలేదండి. ఒడ్డు దిగేక షెల్టర్ వైపు ఓసారి చూసిందండి, అంతే" అన్నాడు దొరబాబు.

ఆ రోజుల్లోనే గోదావరికి వరదొచ్చింది. ఎర్రనీళ్లు గట్టు అంచుల దాకా వచ్చి పన్నెండు రోజులు అలాగే నిలబడ్డాయి. పాటు లేదు, తియ్యడం లేదు. నెట్ ఒక్క నిమిషం పోలేదు. లంకలో ఇంక ఎవరికీ అనుమానం మిగల్లేదు. సత్యదుర్గారావుకి కూడా మిగల్లేదు. ఒకరకంగా మనసు కుదుటపడింది కూడా. తను అన్నది నిజమే అనుకున్నాడు. నిజమే అయితే తప్పేం లేదు కదా.

వరద తీసింది. భాద్రపదంలో పున్నానికి నెట్ మళ్లీ పోయింది. వెళ్తూ వెళ్తూ ఏదో చేసి పోయిందన్నారు ఈసారి. కొందరేమో తాళం ఉన్నది దొరబాబు దగ్గరే కదా అని గొణిగారు. దొరబాబు అక్కలా ఊరుకునే రకం కాదు. మర్నాడు పొద్దున్న సత్యదుర్గారావుని లంకలో దింపి, ఇంజను తిప్పే హ్యాండిలు చంకలో పెట్టుకున్నాడు.

"నేను మాట పడనండి దుర్గారావుగారూ. ఇయ్యాల నీళ్లు తీసి మళ్లీ ఎక్కేదాకా పడవ కదలదండి. పైన కూచుని మీ కళ్లతో చూడండి."

"ఏంటి దొరబాబూ, నాకు నగరంలో పనుంది."

"ఉంటాదండి. ఆయ్. నాకూ పరువుందండి." వెళ్లి ఇంట్లో పడుకున్నాడు.

చేసేదిలేక సత్యదుర్గారావు షెల్టర్ డాబా మీద కూర్చున్నాడు. తాళం వేసిన గదిలో పెట్టె, దొరబాబు ఇచ్చిన తాళంచెవి జేబులో, బయట మెట్ల మీద మనిషి లేడు. తొమ్మిదింటికి అంకె యాభై అయిదు. పదకొండింటికి యాభై తొమ్మిది. అప్పటికి రేవులో రెండు మెట్లు బయటపడ్డాయి. ఎండలో తుండుగుడ్డ నెత్తిన వేసుకుని చూస్తూనే ఉన్నాడు. పన్నెండున్నరకి అరవై ఎనిమిది. నట్టు వదులైందేమోనని లేచి పట్టుకుని చూశాడు, రాయిలా ఉంది. ఒంటిగంటన్నరకి డెబ్బై ఏడు. గట్టు కింద ఒండ్రు నల్లగా మెరుస్తోంది. రెండూ పది నిమిషాలకి తొంభై. ఇంకో మూడు నిమిషాలకి అంకె పోయి గీత వచ్చింది.

చుట్టూ ఎవరూ లేరు. గది తాళం తీసి చూస్తే పెట్టె మీద పచ్చలైటు వెలుగుతూనే ఉంది.

లాప్‌టాప్‌కి వైరు పెట్టి అప్పుడు నొక్కాడు ఆ నొక్కు. నూట పద్నాలుగు రోజుల నుంచి ఆగకుండా నడుస్తున్నానంది పెట్టె. అతను వేళ్లు మడిచి లెక్క వేసుకున్నాడు. బుచ్చిరాజు రొయ్యలు తేలిన రోజు అందులో ఉంది. అంతకు ముందు నెల రోజులకి పైగా ఉంది. ఆ నెలలో ఒక్క నిమిషం, ఒక్కసారి, ఎవరూ కరెంటు తియ్యలేదు. అక్క బ్యాటరీకి నీళ్లు పోసుకుంటూ, డాబా ఊడ్చుకుంటూ ఉంది, అంతే.

సత్యదుర్గారావు అక్కడే గోడకి చేరబడి ఏడ్చాడు. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి, తుండుగుడ్డ నోట్లో కుక్కుకుని. అమ్మ పోయినప్పుడు తను ఏడ్చిన జ్ఞాపకం లేదు, అక్క ఏడవనివ్వలేదు.

కువైట్‌లో ఆమెకి శుక్రవారం సాయంత్రం ఒక గంట తీరిక. దుర్గాదేవి దగ్గర నంబరు తీసుకుని చేశాడు. మొదటి రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది. వీడియోలో ఆమె వెనక తెల్లటి గోడ, ఇస్త్రీ బట్టల గుట్ట.

"అక్కా, నీళ్లు తీసినప్పుడే పోతంది. నువ్వు చెప్పిందే నిజం. నా కళ్లతో చూసేను."

నూకాలమ్మ ఒక చొక్కా మడిచి గుట్ట మీద పెట్టింది. "చూసేవా" అంది ఆఖరికి.

"తప్పైపోయిందక్కా. వచ్చెయ్."

"ఎలా వచ్చేస్తానురా? రెండేళ్లకి కాయితం రాసేను. పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో ఉంది." కొంగుతో మొహం తుడుచుకుంది. "నాకు చెప్పడం కాదురా దుర్గా. నేను తియ్యలేదని నాకు తెలీదా? ఆ రోజు ఎక్కడన్నావో అక్కడ చెప్పు. ఆ నలుగురిలోనే చెప్పు. పిల్ల ఊరెళ్లనని ఏడుస్తంది. దొంగదాని కూతురంటన్నారంట దాన్ని."

"చెబుతానక్కా. ఒట్టు."

ఒట్టు నిలబెట్టుకున్నాడు, అది ఒప్పుకోవాలి. శ్యామ్ బాబు కాళ్లావేళ్లా పడి ఇంకో జత డిష్‌లు తెచ్చాడు. రెండు చివరలా పాతవాటికి మనిషి లోతు కింద బిగించాడు. ఏరు ఒక ఎత్తులో ఒకదాన్ని చంపితే రెండోది బతికి ఉంటుంది. అంతే, దీనికి మందు అదే. రెండు రోజుల పని.

బిగింపు అయిన రోజున పోటుకి రేవు మీద నిలబడి అందర్నీ పిలిచాడు. బుచ్చిరాజు కూడా చెరువు మీదకి వచ్చి ఉన్నాడు, చేతిలో టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు. సత్యదుర్గారావు మొత్తం చెప్పాడు. పోటూ పాటూ సంగతి చెప్పాడు. పెట్టె లెక్క చెప్పాడు. లాప్‌టాప్ తెరిచి, ఆ రోజు తీసి దాచుకున్న నూట పద్నాలుగు రోజుల లెక్క చూపించాడు.

"మా అక్క తియ్యలేదండి. ఎప్పుడూ తియ్యలేదు. తప్పు నా లింకుదండి. అబద్ధమాడింది నేను."

బుచ్చిరాజు టీ తాగడం పూర్తిచేసి అతని భుజం మీద చెయ్యి వేశాడు. కోపం ఏమీ లేదు ఆ మొహంలో. జాలి ఉంది.

"మంచోడివిరా. అక్క కోసం నేరం నీ నెత్తిన ఏసుకుంటన్నావు. ఎవడు చేస్తాడు ఈ రోజుల్లో?"

"కాదండి రాజుగారూ! నిజంగానే—"

"తోడబుట్టినోడు కదండీ, ఆ మాత్రం ఎనకేసుకురాడా" అంది వెనక నుంచి ఒక ముసలావిడ, కళ్లొత్తుకుంటూ.

"ఈ లెక్క చూడండి!" అని లాప్‌టాప్ అందరి మొహాల ముందూ తిప్పాడు.

"నీ కంప్యూటర్‌లో నువ్వేం రాస్తే అదే ఉంటాది కదయ్యా" అన్నాడు ఇంకొకడు, నొప్పించకుండా, మెల్లిగా.

దొరబాబు ముందుకొచ్చాడు. "నేను సాక్ష్యమండి. ఆయన్ని నేనే కూచోబెట్టేను." తాళం తన దగ్గర ఉన్నవాడు అలా కాక ఎలా చెబుతాడన్నట్టు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పడవకి టైమైంది. అందరూ పనుల్లోకి వెళ్లిపోయారు. పోయేవాళ్లలో ఇద్దరు ముగ్గురు అతని చెయ్యి పట్టుకుని మరీ వెళ్లారు, ఎంత మంచి తమ్ముడో అని.

మహాలయ అమావాస్యకి ఏరు ఎప్పుడూ లేనంత అడుక్కి తీసింది. నెట్ ఒక్క క్షణం పోలేదు. సత్యదుర్గారావు ఆ పూట కావాలని లంకలోనే ఉన్నాడు, ఇప్పుడైనా నమ్ముతారని. షెల్టర్ మెట్ల మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటున్న వాళ్లలో ఒకడు పక్కవాడితో అన్నాడు, ఇతను వింటున్నాడని తెలియక: "చూసేవా, ఆవిడెళ్లిపోయేక ఎంత బాగా నడుస్తందో."

తరవాతి శుక్రవారం నూకాలమ్మే ఫోన్ చేసింది. ఎత్తగానే మొదటి మాట అదే.

"చెప్పేవా?"

"చెప్పేనక్కా. రేవు మీద. అందర్లోనూ."

"రాజుగారున్నారా?"

"ఉన్నారు."

"ఏమన్నారురా? నమ్మేరా?"

ఆమె మొహం ఫోన్‌కి ఎంత దగ్గరగా వచ్చిందంటే కళ్లు తప్ప ఇంకేం కనబడటం లేదు. సత్యదుర్గారావు లేదక్కా అనడానికి రెండుసార్లు నోరు తెరిచాడు.

"నమ్మేరక్కా" అన్నాడు.

నూకాలమ్మ ఏడుపూ నవ్వూ కలిసిపోయి ఏదేదో మాట్లాడింది. నూకాలమ్మ అమ్మవారిని తలుచుకుని దండం పెట్టుకుంది. ఈ రెండేళ్లూ ఇట్టే గడిచిపోతాయంది. నడుంనొప్పి కూడా అంతేం లేదంది. అవతల ఎవరో అరబ్బీలో పిలిచారు. ఫోన్ పెట్టేస్తూ చెప్పింది.

"అయితే దసరా సెలవులకి పిల్లని ఊరికి పంపురా. ఎవరూ ఏమీ అనరు కదా ఇంక. ధైర్యంగా ఎల్లమని అమ్మ చెప్పిందని చెప్పు."

"సరేనక్కా" అన్నాడు.

సెలవులు సోమవారం నుంచి. శనివారం సాయంత్రం అమలాపురం హాస్టల్ గేటు దగ్గర దుర్గాదేవి బ్యాగు సర్దుకుని నిలబడి ఉంది. అమ్మ తనతో కూడా మాట్లాడిందట. కొత్త ఓణీ వేసుకుంది. "మావయ్యా, పొద్దున్న పోటు ఎన్నింటికి?" అని అడిగింది.